మూడో ఈక

చచ్చిపోయి కూడా చాంపియన్ పోజు వదల్లేదు.

పనిబల్ల ముందు కుర్చీలో ఠీవిగా కూర్చుని ఉన్నాడు. తల మాత్రం బల్ల మీదికి ఒరిగింది. చెవి పైన లోతైన గాయం. గాయం కింద, కొక్కేన్ని బిగించే వైస్ తాలూకు ఇనుప దిమ్మ, దాని మీద నెత్తురు. వైస్ బిగించి పట్టుకున్న మూడు కొనల కొక్కేనికి రెండు ఎర్ర ఈకలు కట్టి ఉన్నాయి. మూడోది బల్ల మీద ఉంది. కొక్కెం నుంచి దారం కండె గాలిలో వేలాడుతోంది. చాంపియన్ చేతులకు నల్ల గ్లౌజులున్నాయి.

గోడల నిండా ఆయన ఫొటోలే. చేపతో ఆయన. కప్పుతో ఆయన. చేపా కప్పూ లేకుండా నడుం మీద చేతులేసుకుని ఉత్త ఆయన.

ఇన్‌స్పెక్టర్ అన్నీ తీరిగ్గా చూశాడు.

"ఈ ఇంట్లో ఇంకెవరూ ఉండరా?"

"భార్య ఉంది సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"ఫొటో లేదే?"

హెడ్ కానిస్టేబుల్ మళ్లీ గోడలు వెతికాడు. లేదు.

బయట వరండాలో ఫిషింగ్ క్లబ్ మెంబర్లు గుంపుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. పోయిన మనిషి గురించి కాదు. రాబోయే పోటీకి జడ్జి ఎవరనేది వాళ్ల బెంగ.

ఆ పోటీ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి ఓ మెంబర్ చెప్పాడు. అడక్కుండానే. కొయ్యతో చేసిన ఉత్తుత్తి చేప ఉంటుంది. దాని తోకకి మూడు కొనల కొక్కెం, ఆ కొక్కేనికి కోడిపుంజు మెడ ఈకలు. నీళ్లలో లాగితే ఈకలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ బతికున్న తోకలా ఆడతాయి. పెద్ద చేప నమ్మేసి నోరు తెరుస్తుంది. దుకాణంలో కొన్నవి రెండు చేపలు కరిచేసరికి బోడిగుండు అయిపోతాయి. అందుకని పట్టున్నవాళ్లు ఎవరివి వాళ్లే కట్టుకుంటారు. చాంపియన్ కట్టినవి మాత్రం ఊడవు. ఆయన వీడియోలు చూసి క్లబ్బంతా నేర్చుకుంది. ఏటా పోటీలో ఎవరి కట్టు బాగుందో తేల్చే జడ్జి కూడా ఆయనే.

"మీ చేతికా గ్లౌజులెందుకు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఆయన గ్లౌజులతోనే కడతారు సార్. బిగుతుగా ఉంటేనే దారం మాట వింటుందని చెప్పేవారు. మేమందరం ఒక సైజు చిన్నవే కొంటాం."

"అలా కట్టడం బాగా వస్తోందా?"

"లేదు సార్. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

ఇన్‌స్పెక్టర్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి లోపలికి వచ్చేశాడు.

డాక్టర్ అప్పటికి పరీక్ష ముగించాడు.

"పదీ పదకొండు మధ్య పోయాడు. కళ్లు తిరిగి దిమ్మ మీద పడ్డాడని బావమరిది అంటున్నాడు. కానీ దిమ్మ గుండ్రం. గాయం గీత గీసినట్టు తిన్నగా ఉంది. రాతి అంచు అయ్యుండాలి."

కిటికీ కింద రాతిగట్టు ఉంది. గట్టంతా వేలు మందాన దుమ్ము. ఒక్క మూల మాత్రం తళతళలాడుతోంది.

"తోసి చంపి, గట్టు తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూల ఒక్కటీ తుడిస్తే అనుమానం రాదనుకున్నాడు. శుభ్రత ఎక్కువ, బుర్ర తక్కువ."

హెడ్ కానిస్టేబుల్ శవం చేతి గ్లౌజు లాగబోయాడు. అది వేళ్ల కణుపుల దగ్గరే ఇరుక్కుంది. సగం అరచెయ్యి బయటే ఉంది.

"చచ్చాక చేతులు ఉబ్బాయి సార్."

"రెండు గంటలకేనా? వెళ్లి ఆయన భార్యని కూర్చోబెట్టు. మాట్లాడాలి."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది మూడో ఈకను పట్టకారుతో పైకెత్తాడు. వెలుతురు దగ్గర పట్టుకుని మొదలు చూశాడు. కవర్లో వేసుకున్నాడు.

చాంపియన్ భార్య వంటగదిలో ఉంది. ఏడవలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చూపుడువేలి మీద సన్నని గీతలున్నాయి, దారం కోసినట్టు.

"ఎక్కడికి వెళ్లారు పొద్దున?"

"బజారుకి. తొమ్మిదిన్నరకి వెళ్లి పన్నెండుకి వచ్చాను. వచ్చేసరికి ఇదీ సంగతి. తమ్ముడికి ఫోన్ చేశాను."

"మీ ఆయనకి శత్రువులున్నారా?"

"ఆయన్ని ఎరిగినవాళ్లందరూ."

"మీరు కూడానా?"

"నాకంత తీరిక లేదండీ."

"ఈ ఈకల కొక్కేలు ఆయనే కట్టేవారా?"

ఆమె తువ్వాలు మడిచింది. మడత సరిచేసింది.

"ఊరందరికీ తెలిసిందే కదా," అంది.

అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ పడగ్గదిలోకి వెళ్లి బట్టల బీరువా తెరిచాడు. చాంపియన్ చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే జరిపి చూశాడు. ఒకదానికి జిప్పు. ఇంకొకదానికి ప్రెస్ బటన్లు. మిగిలినవన్నీ తల మీంచి తొడుక్కునేవి. కింద బూట్లు. ఏ జతకీ లేసుల్లేవు. మంచం పక్కన పెద్ద కప్పు, అందులో అడుగున మాత్రమే కాఫీ.

బీరువా మూసేశాడు.

బావమరిది హాల్లో గోళ్లు కొరుక్కుంటున్నాడు. బావ వీడియోలన్నీ తీసేది అతనే. ఆ పూట ఒక పెళ్లివారింట్లో వీడియో తీస్తున్నాడు. నూరుమంది చూశారు.

"వీడియోల్లో చేతులొక్కటే చూపిస్తావెందుకు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్, ఫోన్లో వాటిని ఒక్కొక్కటే తిప్పుతూ.

"క్లోజప్ సార్."

"మొహం, చేతులు ఒకేసారి ఎక్కడా కనబడవే?"



"అది... ఒక స్టయిల్ సార్."

"స్టయిలా?"

"అవును సార్."

"నీ మొహం."

చివరికి మిగిలింది క్లబ్ సెక్రటరీ. సన్నటి మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. పొద్దున చాంపియన్‌ని కలవడానికి వచ్చింది అతనొక్కడే. ఆ సంగతి తనే ముందుకొచ్చి చెప్పాడు.

"పదింటికి వచ్చాను సార్. పోటీ ఏర్పాట్లు మాట్లాడాం. అరగంటలో వెళ్లిపోయాను."

"మీరు వెళ్లేటప్పుడు ఆయన ఏం చేస్తున్నారు?"

"కడుతున్నారు." అతని గొంతు పూజారి గొంతులా మెత్తబడింది. "కళ్లారా చూశాను సార్. ఈకని నాలుకతో తడిపి, కొనకీ కొనకీ మధ్య సందులో ఆనించి, దారం చుట్టారు. వణుకు లేదు, తొందర లేదు. రెండో ఈక కట్టాక 'ఇక వెళ్లు' అన్నారు. నేను వెళ్లాక కళ్లు తిరిగి ఉంటాయి. ఎంత పని జరిగిపోయింది!"

"మీరు కూడా కడతారా?"

"ఏదో, నా మట్టుకు." సెక్రటరీ తలొంచుకున్నాడు. తలొంచుకున్నా ఆ మాటలో వినయం లేదు.

సాయంత్రం ఐదింటికి ముగ్గుర్నీ పనిబల్ల ఉన్న ముందుగదిలోకి పిలిచాడు ఇన్‌స్పెక్టర్. శవాన్ని అప్పటికే తీసుకెళ్లారు. ఖాళీ కుర్చీని కాలితో పక్కకి నెట్టి బల్లకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంత చచ్చు నాటకం నా సర్వీసులో చూడలేదు," అన్నాడు. "ముందు ఈ ఈక చూడండి. కట్టబోయే ఈక అయితే మొదలు శుభ్రంగా ఉండాలి. దీని మొదట్లో దారం నొక్కుకుపోయిన గుర్తులున్నాయి. కట్టడం పూర్తయ్యాక పూసే వార్నిష్ ఎండిన పెచ్చు కూడా ఉంది. అంటే ఇదివరకే పూర్తిగా కట్టేసిన కొక్కెం నుంచి ఎవరో ఊడదీశారు. మధ్యలో ఆగిపోయిన పనిలా కనబడాలని. చాంపియన్ పొద్దున ఏమీ కట్టలేదు."

ఈకని బల్ల మీద పెట్టి, శవం చేతి నుంచి తీయించిన గ్లౌజు అందుకున్నాడు.

"రెండోది, గ్లౌజులు. శవం చేతికి కణుపులు దాటి ఎక్కలేదు. ఆయన గ్లౌజులు ఆయనకే పట్టవా? అమ్మా, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆమె చెయ్యి చాచింది. గ్లౌజు అచ్చంగా అతుక్కుపోయింది.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"ఇంక దాచి ఎవర్ని ఉద్ధరించాలిరా?" అంది ఆమె. "వీడియోల్లో చేతులు నావేనండీ. కట్టేది నేను. మాట్లాడేది ఆయన. ఆడచేతులని తెలియకూడదని గ్లౌజులు తెప్పించారు. బిగుతు, పట్టు అన్నవన్నీ తరవాత అల్లిన కబుర్లు."

వరండా కిటికీ దగ్గర చెవులు రిక్కించిన మెంబర్లలో కలకలం రేగింది. ఒకడు మెల్లగా తన గ్లౌజులు విప్పి జేబులో కుక్కుకున్నాడు.

"ఆయన ఎందుకు కట్టలేకపోయేవారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్. జవాబు ఆయనకి తెలుసు. ఆమె నోట రావాలని అడిగాడు.

"చేతులు వణుకుతాయి. పెళ్లినాటినుంచీ అంతే. బొత్తం పెట్టుకోలేరు. కప్పు నిండా పోస్తే ఒలకబోసుకుంటారు. గాలం కర్ర గట్టిగా పట్టుకోగలరు, చేపని లాగగలరు. సన్నపనికి పనికిరారు. నలుగురిలో ఉన్నప్పుడు చేతులు నడుం మీద వేసుకు నిలబడేవారు. దర్పం అనుకునేవారు అందరూ."

ఇన్‌స్పెక్టర్ సెక్రటరీ వైపు తిరిగాడు.

"ఈ ఇంట్లోవాళ్లు చంపి ఉంటే ఆయన్ని ఈ బల్ల ముందు కూర్చోబెట్టరు. ఆయన చేతికి ఈ గ్లౌజులు తొడగరు. ఆయన కడతాడని నమ్మినవాడే ఈ పని చేశాడు. వణుకు లేదు, తొందర లేదు అన్నారు. కళ్లారా చూశానన్నారు. ఏం చూశారు?"

సెక్రటరీ ఆమె వైపు వేలు చూపించాడు.

"ఆవిడ అబద్ధం చెబుతోంది. ఆయన మహానుభావుడు. ఆయన కన్ను పడితే చాలని నేను..."

"మహానుభావుడు మీ కొక్కెం చూసి ఏమన్నాడు?"

"చూస్తేగా!" సెక్రటరీ గొంతు కీచుమంది. "ఏటా పోటీలో అందరి ముందూ నాది బుట్టలో పడేశారు. వేలితో ముట్టకుండా కాగితంతో పట్టుకుని, చచ్చిన బొద్దింకని పారేసినట్టు. ఇవాళ కూడా అంతే! ఈకలు కాదు, నీ చేతులు పీకెయ్యాలి అని..."

ఆగిపోయాడు.

"ఇవాళ పోటీ ఏర్పాట్లు కదూ మాట్లాడుకున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సెక్రటరీ వెనక్కి అడుగేశాడు. గోడకి జారగిలబడ్డాడు. పై ఫొటో ఒకటి పక్కకి ఒరిగింది.

"పోటీకి ముందే ఒకసారి చూపిద్దామని వచ్చాను. చంపాలని రాలేదు సార్. ఆ మాట అనేసరికి ఒక్క తోపు తోశాను. అంతే. గట్టు తగిలింది. బుట్టలోంచి నాదే తీసి వైస్‌కి పెట్టాను. ఒక ఈక విప్పాను." గొంతు తగ్గింది. "విప్పుతుంటే ప్రాణం పోయింది."

"ఎవరి ప్రాణం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సెక్రటరీకి ఆ ప్రశ్న అర్థమే కాలేదు.

చాంపియన్ భార్య బల్ల దగ్గరికి వచ్చింది. వైస్‌లో ఉన్న కొక్కేన్ని వంగి చూసింది. ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

"ఇది మీదా?" అంది. "ఈ కట్టు నాకు తెలుసు. ఏటా పోటీకి ముందురోజు కొక్కేలన్నీ తెచ్చి నా ముందు పోసేవారు. ఏది బాగుందో చెప్పమనేవారు. ఆయనకేం తెలుసు గనక! నేను చూసి, ఇదే అనేదాన్ని. ప్రతిసారీ ఇదే. నాకంటే మెరుగ్గా కట్టినవాడు ఒక్కడున్నాడని చెప్పేదాన్ని."

సెక్రటరీ తలెత్తాడు.

"అందుకే బుట్టలో వేసేవారు," అంది ఆమె. "మీది పైకి వస్తే ఆయన కిందికి దిగాలిగా."

"మరి... మరి ఆ ముక్క నాతో ఒక్కసారి చెప్పి ఉంటే?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కసారి చెప్పి ఉంటే నేనెందుకు..."

"ఎవరితో చెప్పమంటారు? ఇన్నేళ్లుగా ఈ ఇంటికి వచ్చారు. కాఫీ ఇస్తే కప్పు అందుకుంటూ కూడా ఆయన మొహమే చూసేవారు. ఈ ఇంట్లో ఒక మనిషి ఉందని మీకెప్పుడైనా తట్టిందా? మీరు ఆయనకేం తక్కువ కాదు. చేతులు వణకవు, అంతే తేడా."

ఆమె వంటగదిలోకి వెళ్లిపోయింది. తమ్ముడు వెనకాలే వెళ్లబోయి, గడప దగ్గర ఆగి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

హెడ్ కానిస్టేబుల్ సెక్రటరీకి బేడీలు వేశాడు. వరండాలో మెంబర్లు దారి ఇచ్చారు. నిన్నటిదాకా చాంపియన్‌ని దేవుడన్నవాళ్లే, "నాకు మొదట్నుంచీ అనుమానమే," అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. ఇన్‌స్పెక్టర్ వాళ్ల మధ్యలోంచి, తడి నేల మీద అడుగేస్తున్నట్టు మొహం చిట్లించుకుని నడిచాడు.

జీపు దగ్గర సెక్రటరీ ఆగాడు. నలిగిన చొక్కాని బేడీల చేతులతోనే సర్దుకున్నాడు.

"సార్, ఒక్కటి అడగనా?"

"ఏమిటి?"

"ఆవిడ చెప్పిన మాట రిపోర్టులో రాస్తారా?"

"ఏ మాట?"

"అదే సార్... అన్నిటికంటే నాదే బాగుందని."

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూశాడు. అందులో భయం లేదు, పశ్చాత్తాపం లేదు. బహుమతి కోసం స్టేజీ కింద నిలబడ్డవాడి ఆత్రం ఒక్కటే ఉంది.

జీపు వెనక తలుపు తెరిచాడు.

"ఎక్కు," అన్నాడు.