సిఫారసు చెల్లని గేటు

కాకినాడ సముద్రపు గోడకున్న పెద్ద గేటు మళ్లీ దానంతటదే పైకి లేచింది. గేట్ల కంప్యూటర్లు చూసే డాక్టర్ నూకరత్నం దాన్ని దింపించి ఇంకా టీ కూడా తాగలేదు.

"ఏంటండీ డాక్టరు గారూ, ఆటలాడుతోందా అది?" అన్నాడు జాలరిపేట పెద్ద బంగార్రాజు, కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి. "సాయంత్రం పోటుకి ఇలాగే లేచిందంటే మా ఇళ్లన్నీ గంగపాలేనండి."

"నన్ను కంగారు పెట్టకండి బాబూ," అందావిడ. మళ్లీ తెర ముందు కూర్చుంది.

ఆ రోజుల్లో గేట్లను నడిపేవి ప్రోగ్రాములే. వాటిని భద్రపరిచేది 'పొరలు' అనే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. ఎవరేం మార్చినా పాతది చెరిగిపోదు, దానిమీద కొత్త పొర పడుతుంది. తప్పు జరిగితే పై పొర తీసేస్తే సరి. కానీ తీసినప్పుడల్లా ఎవడో మహానుభావుడు దొంగ పొర మళ్లీ వేస్తున్నాడు.

వాడు లోపలికెలా వచ్చాడు? పాస్‌వర్డ్‌లు ఒక్కటీ పోలేదు. లోపలున్న ఒక్కొక్కరూ ఎలా చేరారో ఆరా తీస్తే ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ ఇంజనీరైనా "ఇతను మనవాడే" అంటే చాలు, కొత్తవాడికి తలుపు తెరుచుకుంటుంది. వాడు ఇంకొకణ్ణి తెస్తాడు. బావమరిది స్నేహితుడు, ఆ స్నేహితుడి పక్కింటాయన... ఆ వరసలో ఎక్కడో దొంగ దూరాడు.

"మాటసాయం చేశారండి పాపం," అన్నాడు బంగార్రాజు.

"చేశారు, మన కొంప ముంచేటంత సాయం!"

ఆవిడ కొత్త నియమం రాసింది. సిఫారసు చెల్లదు. పొర వెయ్యాలన్నా, తియ్యాలన్నా, గేటు కదపాలన్నా ఎవరికి వాళ్లు పరీక్ష పాసవ్వాలి, పాతవాళ్లైనా సరే. ప్రశ్నలు సాఫ్ట్‌వేరే అప్పటికప్పుడు తయారుచేస్తుంది. ఈ నియమాన్నీ దొంగ పొర తొలగింపునీ ఒకే పొరగా కట్టి వేసేసింది.

పోటు వచ్చింది. అలలు గోడని గుద్దాయి. తెరమీద దొంగ తలుపు బాదుతూనే ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ పొమ్మంటూనే ఉంది. గేటు అంగుళం కదిలితే ఒట్టు! జాలరిపేటలో ఈలలు, డప్పులు, మైకులో పాటలు మొదలయ్యాయి. బంగార్రాజు కళ్లు తుడుచుకుని, "పొద్దున్నే వేటకెళ్లాలి, అప్పుడు గేటు తీయించండమ్మా," అన్నాడు.

"దానికేం, ఇప్పుడే పెట్టి ఉంచుతా!" అంటూ ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేసింది. తెరమీద ఎర్రగా పడింది: 'మీకు ప్రవేశం లేదు. మీరు మీ మేనమామ సిఫారసు మీద చేరారు.'

ఆవిడ పై అధికారి, డైరెక్టర్, వచ్చి ప్రయత్నించాడు. ఆయనకీ లేదు. అసలు ఎవరికీ లేదు.

నూకరత్నం పగలబడి నవ్వింది. "చూశారా బంగార్రాజు గారూ, ఎంత బాగా పనిచేస్తోందో!"

"బాగానే ఉందండి, మరి మా పడవల సంగతో? పోనీ, ఎమ్మెల్యే గారితో ఓ మాట చెప్పించమంటారా?"

"మీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్కటీ చెయ్యకండి!" అని ఆవిడ పాత పుస్తకాల దుమ్ము దులిపింది.

బంగార్రాజు పరుగున పేటకెళ్లి మైకు తీగ పీకేశాడు.

"ఆపండెహె! డాక్టరమ్మ గారు పరీక్షకి చదువుకుంటున్నారు!"