ఇరవై ఐదు నిమిషాలు

"గోలీ మింగితేనే ఉరుకుతవా? మరి ఆ కాళ్లెందుకు?"

బూర్గంపాడు సర్కారు దవాఖానాకు కొత్తగా వచ్చిన నర్సు హేమ్లి, పూల్‌సింగ్‌తో అన్న మొదటి మాట అది. 1989, వానలు ముదిరిన రోజులు. ఇప్పుడు దుకాణాలతో కిక్కిరిసిన ఆ రోడ్డుకు అప్పుడు రెండు పక్కలా టేకు చెట్లే.

పూల్‌సింగ్ చేతిలో ఖమ్మం నుంచి తెచ్చుకున్న అమైనో ఆసిడ్ క్యాప్సూళ్ల డబ్బా ఉంది. కానిస్టేబుల్ సెలక్షన్‌లో ఐదు కిలోమీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో పరుగెత్తాలి. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది.

"రోజుకు రెండు మింగమన్నరు దుకాణపోళ్లు. నాలుగు మింగితే జల్దీ పనిచేస్తదా నర్సమ్మా?"

"అమైనో ఆసిడ్లు పప్పుల ఉంటయి, గుడ్డుల ఉంటయి. గీ గోలీలతోని ఉరుకుడు పెరుగుతదో లేదో నాకైతే అనుమానమే. డబ్బా ఇటియ్యి, చూద్దాం."

మర్నాటి నుంచి పొద్దున్నే హేమ్లి రెండు క్యాప్సూళ్లు ఇచ్చేది. అతను దవాఖానా గేటు నుంచి రెండున్నర కిలోమీటర్లు పరుగెత్తి, తిరిగి వచ్చేవాడు. నాడి చూసే వాచీతో లెక్కపెట్టి ఆమె నోట్‌బుక్కులో రాసేది. వాన పడితే గొడుగు వేసుకుని మరీ నిలబడేది.

నెల తర్వాత ఆ నోట్‌బుక్ అతని ముందు తెరిచింది.

"సగం రోజులు నువ్వు మింగింది వరిపిండి. గోలీలు విప్పి నేనే నింపిన."

"మోసం!"

"ఆగవయ్యా. పిండి మింగిన రోజూ ఇరవై ఐదున్నరే, మందు మింగిన రోజూ ఇరవై ఐదున్నరే. ఒక్క మంగళవారమే ఇరవై ఎనిమిది. గా రోజు ఏమైంది?"

పూల్‌సింగ్ తల దించుకున్నాడు.

"గా రోజు నువ్వు లోపల డ్యూటీల ఉంటివి. గేటు కాడ వాచీ పట్టుకున్నది వాచ్‌మన్ జంపయ్య మామ."

హేమ్లి నోట్‌బుక్ టక్కున మూసింది. ఎరుపెక్కిన చెంపల్ని మాత్రం దాచలేకపోయింది.

"సెలక్షన్‌కు ఖమ్మం వస్తవా?" అడిగాడు పూల్‌సింగ్.

"డాక్టర్ సారు సెలవియ్యడు."

ఖమ్మం మైదానంలో ఆఖరి రౌండు. ఊపిరి అందడం లేదు. ముందు పరుగెత్తేవాళ్ల వీపులు దూరమైపోతున్నాయి. అప్పుడు కంచె అవతల నుంచి ఒక గొంతు.

"ఓ పూల్‌సింగ్! ఉరుకు!"

ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి గుర్తులేదు. "ఇరవై నాలుగు నిమిషాల యాభై సెకన్లు" అన్న అధికారి గొంతు మాత్రం ఇన్నేళ్లయినా చెవుల్లోనే ఉంది.

ఆయాసం తీరకముందే కంచె దగ్గరికి వెళ్లాడు.

"సెలవెట్ల దొరికింది?"

"నాకు పెళ్లిచూపులని చెప్పిన."

"ఎవరితోని?"

"పోలీసువైతివి కదా," హేమ్లి నవ్వింది. "కనుక్కో."