చెక్క పాదాల కొట్టు

చీకటి పడ్డాక ఆ బూట్ల కొట్టు ముందు నుంచి ఎవరూ నడవరు. చుట్టుతిరుగుడైనా వెనక వీధిలోంచే పోతారు. బూట్లు కుట్టే ముసలాయన పోయి మూడేళ్ళు. తలుపుకి తాళం. అయినా రాత్రిళ్ళు లోపల ఎవరో నడుస్తారు... ఒకరోజు కుంటి మాస్టారు, ఒకరోజు పాత పోస్ట్‌మాన్. ఇద్దరూ ఎప్పుడో పోయినవాళ్ళే. నడకని బట్టి పోల్చుకున్నామని విన్నవాళ్ళు ఒట్టేసి మరీ చెప్పారు.

ముసలాయన మనవరాలు బస్సు కండక్టరు. రోజూ బస్సెడు జనాన్ని అదిలించే మనిషి. దెయ్యాలంటే ఆమెకి లెక్కలేదు, పగటిపూట. కొట్టు బేకరీ ఆయనకి ఇస్తానని మాటిచ్చేసింది. లోపల గోడ నిండా చెక్క పాదాలు — ఊళ్ళో ఒక్కొక్కరి కాలి కొలతకి తాతయ్య చెక్కి, వాటి మీద బూట్లు కుట్టినవి. మూడువందల జతలు. అవన్నీ బేకరీ పొయ్యిలోకే. తెల్లారేలోపు సంచుల్లోకి ఎత్తాలి. కూలీలు ఆ గడప తొక్కం అన్నారు. ఆఖరి ట్రిప్పు దిగి తనే వచ్చింది.

తాళం తీసి తలుపు తోసిందో లేదో... టక్.

లోపల. చెక్కనేల మీద.

టక్... టక్... తన వైపే వస్తోంది. సంచుల్ని గుండెకి హత్తుకుని గడపలోనే ఆగింది.

"తాతయ్యా..?" అంది గుసగుసగా.

"మీ తాత ఇంత బుద్ధిగా ఎప్పుడు నడిచాడే? తలుపెయ్యి, ఎవరైనా చూస్తారు."

నానమ్మ. మోకాళ్ళు పట్టేసి కొట్టులోకి తలుపున్న వెనకగదిలో మంచం దిగదని అందరూ అనుకుంటున్న నానమ్మ, నేల మీద చతికిలబడి, రెండు చేతులతో రెండు చెక్క పాదాల్ని నడిపిస్తోంది.

"మూడేళ్ళ నుంచీ... నువ్వేనా?"

"ఉంచండర్రా అని అడిగితే ఎవరుంచారు? మీ నాన్న పాతసామానంటాడు, నువ్వు పొయ్యిలోకంటావు. భయపడితే ముట్టుకోరు." నానమ్మ గోడకేసి చెయ్యి చాపింది. "ఏది ఎవరి పాదమో నాకు తప్ప ఎవరికి తెలుసు? వాళ్ళ ఇళ్ళు కూల్చేశారు. ఫొటోలు కూడా లేవు. వీళ్ళంతా ఇక్కడ నడిచారని చెప్పడానికి ఇంకేం మిగిలింది? నేనుండగా ఒక్కటి కాలనివ్వను."

మనవరాలికి సిగ్గేసింది. చేతిలో సంచులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

అంతలో తలుపు సందులోంచి టార్చి వెలుగు. "అమ్మాయ్... నింపేశావా?" బేకరీ ఆయన. పిండి కలపడానికి అర్ధరాత్రే లేచే మనిషి.

ఒక్క మాట పలికితే చాలు, ఆయన లోపలికి వచ్చేస్తాడు. నానమ్మ బతిమాలలేదు. ఒక జత తీసి మనవరాలి ముందు పెట్టింది. "మన మంత్రసాని పాదాలు," అంది మెల్లగా.

మనవరాలు సంచులు పడేసింది. ఇచ్చిన మాట గంగలో కలిసినా సరే అనుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పాదాలు రెండూ పట్టుకుని తలుపు వైపు నడిపించింది. టక్... టక్... టక్...

బయట టార్చి కిందపడింది. ఆ తర్వాత వినిపించింది బేకరీ ఆయన పరుగే.

నానమ్మ మాత్రం మెచ్చుకోలేదు.

"మళ్ళీ నడిపించు, గబగబా," అంది. "నువ్వు పుట్టిన రాత్రి ఆవిడ ఇంత నింపాదిగా వచ్చుంటే నువ్వు బతికేదానివా?"