నాన్న ఇంట్లోనే ఉన్నారు

నిమ్‌పురా రైల్వే యార్డు గోడ వెనకాల, కూలగొట్టడానికి రాసిపెట్టిన పాత క్వార్టర్ల వరస ఒకటుంది. ఆ వరసలో ఆఖరి ఇల్లు దాటేటప్పుడు ఫోన్ జేబులోంచి తియ్యకూడదని చెప్పుకునేవారు. తీసినా, బ్లూటూత్ జోలికి మాత్రం వెళ్ళకూడదు.

నవ్వకండి. ఆ దారిన డ్యూటీకి పోయే ఎవర్నైనా అడగండి. పాటలు విందామని చెవిలో ఇయర్‌ఫోన్లు దూర్చుకుంటారు, ఫోన్‌లో వాటి కోసం వెతుకుతారు. దగ్గర్లో ఏమేం ఉన్నాయో ఫోన్ పేర్లు చూపిస్తుంది కదా... ఆ పేర్ల మధ్య ఇంకొకటి వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో — నాన్న.

బెంగాలీ కుర్రాళ్ళు అదేదో కంపెనీ పేరనుకుని వదిలేసేవారు. మన తెలుగువాళ్ళకి మాత్రం చదవగానే ఒళ్ళు జల్లుమనేది. మనిషి లేని ఇల్లు. కరెంటు లేని ఇల్లు. అందులోంచి ఆ పేరేమిటి?

ఇంకేముంది, దెయ్యమన్నారు. సాయంత్రం షిఫ్టు వాళ్ళు చుట్టు తిరిగి వెళ్ళడం మొదలెట్టారు. ఆ పేరు పెట్టిన పిల్లకి మాత్రం ఈ సంగతి చాన్నాళ్ళు తెలియలేదు. ఆమె ఉండేది ఊళ్ళోనే ఇంకో పేటలో, తాల్‌బగీచాలో. పేరు ఎవాంజలిన్.

వాళ్ళ నాన్న సత్యవేదం వర్క్‌షాపులో టర్నరు. బతుకంతా లేత్ మిషను ముందే గడిచింది. ఆ ఆఖరి క్వార్టర్ ఆయనదే, ఎవాంజలిన్ పుట్టింది అందులోనే. రిటైరయ్యాక రైల్వే ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా, తాల్‌బగీచాలో రెండు గదులు కట్టుకుని వచ్చేశారు. వచ్చిన కొన్నాళ్ళకే ఆయనకి మతి తప్పడం మొదలైంది. తలుపు తెరిచి ఉంటే చాలు, నిమ్‌పురా దారి పట్టేవాడు.

“ఇంటికెల్లాల, డ్యూటీ టైమైపోతంది,” అనేవాడు. భార్య ఎలీసమ్మ చెప్పుల్లేకుండా వెంట పరిగెత్తేది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎన్నిసార్లని పరిగెత్తగలదు?

ఎవాంజలిన్ ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు రాసే పని చేస్తుంది. తెలివైన పిల్ల. నాన్న మణికట్టుకి ఒక పట్టీ చేసింది. పట్టీలో అగ్గిపెట్టంత డబ్బా. అది ఆయన నాడి లెక్కపెట్టి ఆ అంకెను గాల్లోంచి పంపుతుంది. లాప్‌టాప్‌లో ఆమె జావాస్క్రిప్ట్‌తో రాసిన ప్రోగ్రాం దాన్ని అందుకుంటుంది. మధ్యలో వైరు ఉన్నట్టే — అక్కణ్ణుంచి ఒక్కో అక్షరం వరసలో వస్తూ ఉంటుంది, వైరు మాత్రం ఉండదు. ఆ డబ్బాకి తను పెట్టిన పేరు — నాన్న.

అందే దూరం తక్కువ. గేటు దాటి నాలుగడుగులేస్తే తెగిపోతుంది. ఆమెకి కావలసింది కూడా అదే. అందుతున్నంతసేపూ తెర మీద పచ్చగా, అమ్మ చదువుకునేట్టు తెలుగులో ‘నాన్న ఇంట్లోనే ఉన్నారు’ అని ఉంటుంది, కింద నాడి అంకె. తెగితే ఎర్రబడి సైరన్ కూస్తుంది. పట్టీ చేతికి లేకపోతే అంకె బదులు ఒక గీత. చేతికి ఉండీ నాడి దొరక్కపోతే సున్నా. ఆ సున్నా రాస్తున్నప్పుడు చెయ్యి ఆగిందట పిల్లకి... అయినా రాసింది.

అంతా బాగానే ఉంది గానీ, ఆయన స్నానాల గదిలోకి వెళ్ళినా గోడ అడ్డొచ్చి సైరన్ కూసేది. ఎలీసమ్మకి గుండె దడ.

“ఒలే, ఈ కూత నానింక ఇనలేనే. ఆపీ తల్లీ!”

అప్పుడు ఎవాంజలిన్ ఇంకో లైను రాసింది. లింకు తెగితే గోల చెయ్యకు, మళ్ళీ అందేదాకా పాత అంకే చూపిస్తూ ఉండు — అని. స్నానమయ్యే కాసేపటికి కదా అనుకుంది. పాపం, అక్కడే దెబ్బ తినేసింది.

ఒక వానాకాలం సాయంత్రం ఎవాంజలిన్ మందులకని ఇందా బజారుకి వెళ్ళింది. ఎలీసమ్మ పొయ్యి మీద చేపలు వేయిస్తూ, మధ్యమధ్య తల తిప్పి తెర చూస్తూనే ఉంది. పచ్చగా ఉంది. నాన్న ఇంట్లోనే ఉన్నారు. అంకె డెబ్భై ఆరు. నిశ్చింతగా చేపలు తిరగేసింది. ఆయన వానలో బయల్దేరిపోయి అప్పటికి ఎంతసేపయిందో...

వెతకని చోటు లేదు. పోలీసులు, ఆస్పత్రులు, స్టేషను. చర్చి కుర్రాళ్ళు ఆ పాత క్వార్టర్‌కీ వెళ్ళి, రెండు గదుల్లో టార్చి కొట్టి, కేకలేసి వచ్చేశారు. మనిషి లేడు.

ఆ రాత్రే ఎవాంజలిన్ ఏడుస్తూ ఆ లైను చెరిపేసింది. ఇంక ఆ తెర మీద అప్పటికప్పుడు అందింది తప్ప పాతది కనపడదు. సైరన్ నోరు కూడా నొక్కేసింది. తెర మాత్రం ఎర్రగా అలా ఉండిపోయింది.

ఎలీసమ్మ ఆనాటి నుంచి తలుపు గడియ పెట్టనివ్వలేదు. “ఆయనొచ్చి తడితే నాకినపడదేమో,” అనేది. కూతురు రాత్రుళ్ళు ఆ దగ్గరేసిన తలుపుని చూస్తూ పడుకునేది. నాన్న రారని ఆమెకి తెలిసిపోయింది. అమ్మతో ఆ మాట అనడానికి నోరు రాలేదు. పాతిపెట్టుకోడానికి మనిషైనా దొరకలేదు, పోయాడని ఏ నోటితో చెప్తుంది?

క్రిస్మస్ నెల వచ్చింది. వీధిలో ఇళ్ళకి నక్షత్రాలు వెలిగాయి, వాళ్ళింటికి తప్ప. ఒకరోజు పొద్దుగూకే వేళ యార్డులో పనిచేసే హెన్రీ గేటు దగ్గర బండాపి నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు.

“అక్కా... మీ నాన్న చేతికి కట్టిన మిషనుకి ఏటి పేరెట్టినావు?”

చెప్పింది. వాడి మొహం పాలిపోయింది.

“నిన్న డ్యూటీకెల్తా నా ఫోన్లో సూసినాను. మీ పాత క్వార్టర్ కాడ.”

ఆ పిల్ల లాప్‌టాప్ చంకలో పెట్టుకుని బండెక్కేసింది.

క్వార్టర్ దగ్గరికి వచ్చేసరికి చీకటి ముసిరింది. గోడవతల యార్డులో ఏదో గూడ్సు బండి కదులుతోంది. ఎవాంజలిన్ మెట్టు మీద కూర్చుని ప్రోగ్రాం నడిపింది. వెతుకుతోంది... వెతుకుతోంది...

దొరికింది.

తెర ఎరుపు పోయి పచ్చగా మారింది. నాన్న ఇంట్లోనే ఉన్నారు.

“నాన్నా!” అని అరిచింది. ఇన్నాళ్ళు అణిచిపెట్టుకున్న ఆశంతా ఒక్క పెట్టున లేచింది ఆ గొంతులో. అప్పుడు చూసింది, కింద అంకె.

సున్నా. మళ్ళీ సున్నా... మళ్ళీ సున్నా.

గీత కాదు. సున్నా.

హెన్రీ గుసగుసగా అన్నాడు, “అక్కా, ఎల్లిపోదాం.”

ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. లాప్‌టాప్‌ని మెట్టు మీదే ఉంచి వాడూ టార్చి పట్టుకుని వెనకే నడిచాడు. ముందు గది ఖాళీ. వంటగది ఖాళీ. వంటగది తలుపు గోడకి ఆనుకుని ఉంది. ఎవాంజలిన్ ఆ రెక్క లాగింది.

వెనకాల మేకుకి పట్టీ వేలాడుతోంది.

టర్నరు చేతికి ఏమీ ఉంచుకోడు. గడియారమైనా ఉంగరమైనా తిరిగే మిషనుకి చిక్కిందంటే చెయ్యి పోతుంది. ఆమె చిన్నప్పుడు నాన్న రోజూ డ్యూటీకి పోయే ముందు గడియారం విప్పి ఈ మేకుకే తగిలించేవాడు. ఆ సాయంత్రం కూడా ఇల్లు చేరాడు, డ్యూటీ టైమైందనుకున్నాడు, పట్టీ విప్పి తగిలించాడు, పెరటి తలుపు తీసుకుని వానలో పట్టాల మీదకి వెళ్ళిపోయాడు. పెరటి తలుపు ఇంకా బార్లా తీసే ఉంది.

“నాకు తెలియాల్సింది రా,” అంది ఎవాంజలిన్. “ఆయన చేతికి ఎలా కట్టానురా నేను...” గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. హెన్రీ ఆపలేకపోయాడు.

కాసేపటికి టార్చి వెలుగులో ఆ డబ్బా మూత తీసింది. లోపలంతా తుప్పు. బ్యాటరీ ఉబ్బి పగిలిపోయి ఉంది, వైరు తెగి ఊడొచ్చేసింది. అది ఎప్పుడో చచ్చిపోయింది. ఎవరికీ ఏమీ పంపే వీలే లేదు.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. మెట్టు మీద తెర పచ్చగానే ఉంది. సున్నా... సున్నా...

పట్టీని తెచ్చుకోడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఉన్నట్టే మేకుకి తగిలించేసి, తెరిచిన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చుంది.

“మూసీ అక్కా, నీకు దండం.”

“మూస్తే తెగిపోతుంది రా.”

బండి కదిలింది. క్వార్టర్ల వరస దాటింది. అక్కడితో తెగిపోవాలి.

“తెగిందా?”

“...లేదు.”

వాడు ఇంకా స్పీడు పెంచాడు. యార్డు గోడ వెనకబడింది, దీపాలొచ్చాయి, మనుషులొచ్చారు, తాల్‌బగీచా మలుపొచ్చింది.

“ఇప్పుడు?”

ఆమె లాప్‌టాప్‌ని ఇంకా దగ్గరికి లాక్కుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం వాడికి లేదు. బండి మాత్రం, ముగ్గురు ఎక్కినట్టు బరువుగా లాగిందని హెన్రీ ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు.

చప్పుడు విని ఎలీసమ్మ తలుపు తీసింది. కూతురి చేతుల్లో తెర పచ్చగా కనపడింది. కళ్ళు చికిలించుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. నాన్న... ఇంట్లోనే... ఉన్నారు. కింద ఉన్న అంకె ఆమెకి కనపడలేదు. ఎవాంజలిన్ దాని మీద బొటనవేలు అదిమిపెట్టి నిలబడింది.

ఎలీసమ్మ కూతురి భుజం మీదుగా చీకటిలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, ఎవరికో దారిచ్చినట్టు గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

“సలేస్తంది, లోపలికి రండి,” అంది మెల్లగా. ఆ ‘రండి’ కూతురితో అన్నది కాదు. ఎవాంజలిన్‌ని ఆ మనిషి ఏనాడూ మీరు అనలేదు.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గేటు దగ్గర హెన్రీ అలాగే నిలబడిపోయాడు. లోపల్నుంచి ఎలీసమ్మ గొంతు వినపడింది.

“ఒలే ఎవా, ఇంక తలుపు గడియెట్టీ. అందరం వచ్చీసినాం కదా.”

తర్వాత గడియ పడింది.