మూడో గడిలో ఏం రాయాలి

"మీరు పోలీసా?" అని అడిగాడు ప్రభుత్వ వకీలు.

"కాదండి."

"డాక్టరా?"

"కాదు."

"పోనీ, లాయరా?"

"అదీ కాదు."

"మరి ఏ హోదాలో ఈ ముసలాయన దొంగ కాదంటున్నారు?"

బోనులో నిలబడ్డ అమ్మాయి చేతిలో కాగితాలు సర్దుకుంది. "దొంగో కాదో నేను రాయలేదండి. ఆయన ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను. చూసింది రాశాను."

ఆమె ఫోరెన్సిక్ సోషల్ వర్కర్. కేసులో ఇరుక్కున్న మనిషి ఇంటికి వెళ్ళి, అతని బతుకు ఎలా ఉందో, ఎవరున్నారో, ఎవరు లేరో చూసి కోర్టుకు రిపోర్టు ఇవ్వడం ఆమె పని. ఆ కోర్టులో అలాంటి ఉద్యోగం ఉండటం అదే మొదలు. ఆరు నెలలు చూస్తాం, ఆ రిపోర్టులు నమ్మదగ్గవనిపిస్తే ఉంచుతాం, లేకపోతే లేదు అన్నారు జడ్జి మేడమ్. ఆఫీసు వాళ్ళు అప్పుడే ఆమెకు రిపోర్టమ్మ అని పేరు పెట్టేశారు. వకీలుకైతే అబ్జెక్షన్ బాబు అన్న పేరు ఎప్పటినుంచో ఉంది.

కేసు చిన్నదే. రిటైరైన లిఫ్టు ఆపరేటర్ ఒకాయన, పరాయి వాళ్ళ ఫ్లాటు తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఇంటివాళ్ళు వచ్చేసరికి వంటింట్లో పాలు కాస్తున్నాడు.

"ముప్పై ఏళ్ళు ఆయన, ఆయన భార్య ఆ ఇంట్లోనే అద్దెకున్నారు," అంది రిపోర్టమ్మ. "ఆవిడ పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. సాయంత్రమయ్యేసరికి ఆ సంగతి మర్చిపోతున్నారు. పాత తాళంచెవి ఆయన జేబులోనే ఉంది."

"దొంగతనానికి వచ్చినవాడు పాలు కాచుకోకూడదని చట్టంలో ఉందా?"

కోర్టు హాలు నవ్వింది. ఆమె నవ్వలేదు. "అనుమానముంటే సాయంత్రం ఐదింటికి ఆయన వెనకాల నడవండి. రిపోర్టు కన్నా అదే నయం."

జడ్జి మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూశారు. "వెళ్ళి చూడండి, వకీలు గారూ. వారం వాయిదా."

*

ఐదింటికి వాన మొదలైంది. అబ్జెక్షన్ బాబు గొడుగు తేలేదు.

"వాన వస్తుందని ఎవరైనా సాక్ష్యం చెబితేగాని నమ్మరా?" అంటూ ఆమె తన గొడుగు సగం అతని వైపు వంచింది. ఆ సగంలో అతని ఎడమ భుజం మాత్రమే పట్టింది.

కూతురింటి నుంచి బయల్దేరిన ముసలాయన ముందు నడుస్తున్నాడు. మలుపులన్నీ కాళ్ళకి తెలుసు. ఆ పాత బిల్డింగులోకి వెళ్ళి, లిఫ్టులో బటన్ల పక్కన నిటారుగా నిలబడ్డాడు. వెనకే వచ్చిన ఇద్దరినీ చూసి మర్యాదగా అడిగాడు.

"ఎన్నో ఫ్లోరు బాబూ?"

వకీలు గొంతు సవరించుకున్నాడు. "మూడండి."

"అమ్మాయిగారు?"

"నాదీ మూడే, బాబాయిగారూ."

"మంచిది. మా ఇల్లూ అక్కడే," అన్నాడాయన సంతోషంగా.

తాళం మార్చేశారు. పాత తాళంచెవి తిరగలేదు. రెండుసార్లు తిప్పి చూసి, గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాడు. "పాలకి వెళ్ళుంటుంది. వచ్చేస్తుంది లెండి."

అబ్జెక్షన్ బాబు ఆయన చెయ్యి పట్టుకుని కూతురింటికి చేర్చాడు. వారం తిరగ్గానే, ఈ కేసు నడపబోమని కోర్టులో చెప్పేశాడు.

ఆ తర్వాత అతనికి సందేహాలు ఎక్కువయ్యాయి. ఈ కుర్రాడి ఇంట్లో ఎవరున్నారు, ఆ తల్లి ఎందుకు మాట మారుస్తోంది అని రోజూ ఆమె బల్ల దగ్గరికి వచ్చేవాడు. ఆమె బల్ల ఉన్నది మెట్ల కింద. వచ్చిన ప్రతిసారీ అతని తల మెట్టుకి తగిలేది.

"వంగి రావచ్చుగా, లాయరు గారూ?"

"రోజూ అనుకుంటాను. మిమ్మల్ని చూడగానే మర్చిపోతాను."

"అయితే మీ మీదా ఒక రిపోర్టు రాయాలి."

ఐదో నెల చివర్లో మాత్రం ఆమె మారిపోయింది. అతను వస్తే లేచి వెళ్ళిపోయేది. టీకి పిలిస్తే పనుందనేది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు అతను మెట్ల కింద అడ్డంగా నిలబడ్డాడు.

"నేనేం తప్పు చేశానో చెప్పండి. చెప్పకుండా శిక్ష వేయడం అన్యాయం."

ఆమె ఒక కాగితం అతని ముందుకు తోసింది. ప్రతి రిపోర్టు మొదటి పేజీ అది. ఈసారిది ఇద్దరు అక్కచెల్లెళ్ళ కొట్లాట కేసు, వకీలు అతనే. మూడో గడిలో ఇలా ఉంది: 'రిపోర్టు రాసేవారికి ఈ కేసులోని వకీళ్ళతో సంబంధం ఉన్నదా?' దాని ఎదురుగా ఖాళీ.

"ఈ గడి పెట్టించింది నేనే," అంది ఆమె. "ఇన్నాళ్ళూ 'లేదు' అని రాశాను. ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. 'ఉంది' అంటే నా రిపోర్టులు ఎవరూ నమ్మరు. ఉద్యోగం నా ఒక్కదానిదే కాదు, నా తర్వాత రావాల్సినవాళ్ళది కూడా."

అతను కాగితం వంకే చూస్తున్నాడు. "ఎందుకు అబద్ధమవుతుంది?"

"కోర్టులో లక్ష ప్రశ్నలు వేస్తారు. ఇది అర్థం కాలేదా?"

"అర్థమైంది. మీ నోటితో వినాలని ఉంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నాకు మీరంటే ఇష్టం. చాలా? ఇక జరగండి."

అతను జరగబోయాడు. తల మెట్టుకి తగిలింది. నొప్పి తెలియలేదు.

"నేను ఈ కోర్టు మానేస్తాను," అన్నాడు.

"మీరు మానేస్తే గడిలో నిజం మారుతుందా? ఉన్నది రాసిస్తాను. ఏమైతే అదవుతుంది."

*

మర్నాడు జడ్జి మేడమ్ ఇద్దర్నీ తన గదికి పిలిచారు. కాగితం బల్ల మీద ఉంది. మూడో గడిలో 'ఉన్నది' అని రాసి సంతకం.

"ఇది రాస్తే ఉద్యోగం పోవచ్చని తెలుసా అమ్మా?"

"తెలుసు మేడమ్."

"ఈ ఉద్యోగం ఉంచాలా వద్దా అని ఇన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాను. తనకి నష్టమని తెలిసీ ఉన్నది రాసే మనిషి, పక్కవాళ్ళ గురించి అబద్ధం రాయదు. ఉంచమని ఇవాళే పైకి రాస్తున్నాను. ఈ రిపోర్టు మాత్రం చెల్లదు, ఆ కేసుకి వేరే జిల్లా నుంచి మనిషిని అడుగుతాను. వకీలు గారూ, మీ పైవాళ్ళతో మాట్లాడాను, రేపటి నుంచి మీరు పక్క కోర్టులో పని చేస్తారు. ఈవిడ రిపోర్టున్న ఏ కేసూ మీరు ముట్టుకోకూడదు."

"చిత్తం మేడమ్."

"ఇంకొకటి. 'ఉన్నది' అని రాశారు. ఏ సంబంధమో రాయలేదు. కోర్టుకి అరకొర సమాచారం పనికిరాదు."

అబ్జెక్షన్ బాబు నెమ్మదిగా చెయ్యెత్తాడు. "రెండు రోజులు వాయిదా కావాలి మేడమ్. ఈవిడ నాన్నగారిని అడగాలి."

"వాయిదా అక్కర్లేదు," అంది రిపోర్టమ్మ తలెత్తకుండా. "నాన్నకి రాత్రే చెప్పాను. ఆదివారం భోజనానికి తీసుకురమ్మన్నారు."

కలం తీసుకుని, 'ఉన్నది' పక్కన రెండు మాటలు చేర్చింది: కాబోయే భర్త.