మిగతా అరవై పాళ్లు

మంగతాయారు బొటనవేలు పలకమీద ఆనించి తీసింది. పచ్చదీపం వెలిగింది. ఎనిమిదో మంచం పట్టాలమీద మెల్లగా మలుపు తిరిగి విరామశాల వైపు వెళ్లిపోయింది.

"కారణం నమోదైంది, అమ్మగారూ," అంది గోడలోని నిర్ణేత యంత్రం. సంబంధం తప్పిపోయిందని చెప్పడానికొచ్చిన పెళ్లిళ్ల పేరయ్యలా మెత్తగా ఉంటుంది దాని గొంతు.

కాలేయం గట్టిపడ్డవాళ్లకి కిడ్నీలు ఎందుకు మూలపడ్డాయో తేల్చేది నిర్ణేతే. దానికి మనిషి ఒప్పుకున్నట్టు ఒక వేలు కావాలి, అంతే. కాలేయమే ముంచిందని తేలితే విరామశాల, అంటే మందూ మాకూ లేకుండా చావుకోసం ఎదురుచూడ్డమే. ఇంకేదన్నా అయితే మందూ, మంచమూ. ఏడో తరగతి చదివిన తాయారుకి ఈ కొలువు ఇచ్చింది వేలు చూసే గాని తల చూసి కాదు. ఈ కొలువు మూలానే కొడుకు తారకేశుకి ఇక్కడ మంచం దొరికింది. చిన్నప్పుడు పట్టిన కామెర్లు వాడి కాలేయాన్ని లోలోపలే కొరుక్కు తినేశాయి. పొద్దున చూస్తే వాడి మూత్రం సంచి అడుగైనా తడవలేదు. అప్పట్నుంచీ ఆవిడ మనసు పాడె దగ్గర్నుంచి పదోరోజు వంటవాడి దాకా అన్నీ కుదిర్చేసింది. పాపిష్టి మనసు!

"తుమ్మొస్తే క్షయ అంటావు తాయారక్కా. ముందు ఆ టీ తాగు," అంది పక్క బల్ల ఖాసింబీ.

టీ గ్లాసు అందుకుంటూండగానే తెరమీద తారకేశు మొహం వచ్చింది.

"ప్రథమ కారణం: కాలేయం. వేలు పెట్టండి, అమ్మగారూ."

"ఎంత నమ్మకంగా చెబుతున్నావు?"

"నూటికి నలభై పాళ్లు."

"మిగతా అరవై ఏ గంగలో కలిసింది?"

"ఒంట్లో నీరు దింపే నీటిమందు మోతాదు మించడం, విరేచనాలతో ఒళ్లు ఎండిపోవడం, పొట్టనీటికి చీము పట్టడం. విడివిడిగా ఏదీ నలభైకి రాదు."

"నలభై వచ్చినవాడు గెలవడానికి ఇదేమన్నా వార్డు మెంబరు ఎలక్షనా? ఆ మూడూ కలపవయ్యా!"

"కలపడం విధానంలో లేదు."

తాయారుకి ఒళ్లు మండింది. గోడని గుద్దితే చేతికి నొప్పైనా మిగులుతుంది. దీనితో అదీ లేదు. "మనుషులు చూసే రోజుల్లో ఏం చేసేవారు?"

"పొట్టనీరు తీసి పరీక్షించేవారు. నీటిమందు ఆపి, నెత్తుటికి సత్తువిచ్చే ఆల్బుమిన్ ఎక్కించి, రెండు రోజులు చూసేవారు. అప్పటికీ కిడ్నీలు తేరుకోకపోతేనే కాలేయం పేరు రాసేవారు."

"మరి ఇప్పుడో?"

"ఒక్కరి కోసం మంచం రెండు రోజులు ఆపలేం. బయట వరుస ఉంది."

"నేను వెయ్యను వేలు!"

"తల్లి అభ్యంతరం చెల్లదు. ఖాసింబీగారూ, మీ వేలు."

ఖాసింబీ చెయ్యి కొంగులో దాచేసుకుంది. "పొద్దున పెనం మీద కాలింది నాయనా. ముద్ర పడదు."

"కింది అంతస్తుకి పంపుతున్నాను."

కింద వేళ్లకేం కొదవ. బల్ల అంచున ఎర్ర పిడి ఉంది, నిప్పంటుకుంటే లాగడానికి. దాన్ని కిందికి పట్టుకున్నంతసేపూ ఏ మంచమూ కదలదు, డాక్టర్ల తాళంచెవికి తప్ప ఏ తలుపూ తెరుచుకోదు. మనుషులైన డాక్టర్లు మెట్లెక్కి రావలసిందే, ఒక్కొక్కరినీ చేత్తో తాకి చూడవలసిందే. కొలువు పోతుంది. జైలూ తప్పదేమో. వీడు ఎలాగూ దక్కడేమో. అన్నీ ఒక్కసారే తలపుకొచ్చాయి. రెండు చేతులా పిడిని లాగింది.

పట్టాలు కీచుమని ఆగిపోయాయి. తెరమీది మొహాలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"ఎంత పని చేశావక్కా," అంటూనే ఖాసింబీ వచ్చి పిడిమీద తన చెయ్యీ వేసింది.

కింద మెట్లమీద బూట్ల చప్పుడు మొదలైంది. పిడి లాగగానే మూసుకుపోయిన తలుపు అవతల ఎవరో గుద్దుతున్నారు.

"లోపలెవరమ్మా? తలుపు తియ్యండి! మా పిల్ల రక్తం కక్కుతోంది, మంచం ఖాళీ అయిందని చెప్పి తీసుకొచ్చారు..."

అదీ తల్లి గొంతే.

"డాక్టర్లు పైకి వస్తున్నారమ్మా!" తలుపు అవతలికి వినపడేలా అరిచింది తాయారు. "ముందు మీ పిల్లనే చూడమంటాను. నా కొడుకుని తరవాత చూస్తారు."

పిడి మాత్రం వదల్లేదు.