లేని దీపం

సోడాబుడ్డక్కకి నలభై మూడేళ్లు. జంతుశాలలో కొత్త దీపం బిగించిన ప్రతిసారీ దాని మూతి మీద ఆ రోజు తేదీ రాస్తుంది.

ఆమె చూసుకునే ఉడుముల గదిలోకి ఎండ రాదు. వాటి ఎముకలు గట్టిగా ఉండాలంటే అతినీలలోహిత దీపమే దిక్కు. ఏడాది తిరిగేసరికి ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది గానీ, అందులోని కంటికి కనబడని కిరణాలు చచ్చిపోతాయి. వాటిని కొలిచే మీటరు ఎప్పుడూ అక్క జేబులోనే.

"సార్, తల్లి ఉడుము దవడ మెత్తబడింది. దీపం మార్చాలి."

"వెలుగుతోందిగా అమ్మా! ముందు నీ సోడాబుడ్లు మార్చుకో," అన్నాడు మేనేజరు.

దీపం వెలుగుతోందంటే బాగున్నట్టే, పెళ్లాం వండిపెడుతోందంటే బాగున్నట్టే. ఆయనకి తెలిసిన వైద్యం అంతే.

మూడు నెలలు అడిగింది. తల్లి చచ్చింది. బోను ఖాళీ చేసి, దీపం కూడా పీకేశారు. పక్క బోనులో దాని పిల్ల మిగిలింది. దాని దీపమూ పాతదే, దవడా మెత్తబడుతోంది.

ఆ సాయంత్రం ఐదింటికి గదిలో అక్క ఒక్కతే. వేడెక్కిన దుమ్ము వాసన. ఎక్కడో గోళ్లు గీరుతున్న చప్పుడు. పిల్ల తన దీపాన్ని వదిలేసి, తల్లి బోను వైపు గాజుకి అతుక్కుని ఉంది. కళ్లు సగం మూసి, ఒళ్లంతా పరిచి... ఎండ కాచుకుంటున్నట్టు.

అక్క మీటరు అక్కడ పెట్టింది. మూడు.

గాజు దాటి ఆ కిరణాలు రావు. పైగా అవతల దీపమే లేదు.

"నువ్వేనా?" అంది గుసగుసగా.

నాలుగు. పిల్లకి సరిపోయేంత. అక్కకి ఏడుపొచ్చింది. ఆపైన ఏడు. పదకొండు...

"చాలమ్మా... దాని కళ్లు పోతాయి..."

ఎక్కువైతే దీపాన్ని ఎత్తున కట్టాలి, నీడ ఇవ్వాలి, లేదా స్విచ్చు ఆపాలి. అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. కానీ లేని దీపాన్ని ఎలా ఆర్పడం?

చెక్క అడ్డం పెట్టింది. పదహారు.

మెయిన్ ఆపేసింది. చీకటి. ఇరవై మూడు...

బోను మూత తీసి పిల్లని లాగింది. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా? రాలేదు. రెండు చేతులూ దాని కళ్లకి అడ్డం పెట్టి అరిచింది.

"సార్!"

మేనేజరు వచ్చి మెయిన్ వేశాడు. గదంతా చూశాడు.

"అన్నీ వెలుగుతున్నాయిగా," అని వెళ్లిపోయాడు.

ఆరింటికి, దీపాలు ఆగే వేళకి, మీటరు సున్నాకి వచ్చింది.

పిల్ల దవడ రాయిలా గట్టిపడింది. కళ్లు పాలలా తెల్లబడ్డాయి. అక్క చేతులు ఎర్రగా కమిలిపోయాయి. కుడిచేతి మీద మాత్రం ఒకచోట, ఐదు వేళ్ల ఉడుము పాదం అచ్చంత మేర, చర్మం కమలలేదు. పిల్ల పాదం అందులో పావు వంతు కూడా ఉండదు.

మర్నాడు ఆమె పిల్లని దొంగిలించి ఇంటికి తెచ్చుకుంది. కొత్త దీపం కొని, తేదీ రాసి, సరైన ఎత్తులో కట్టింది. గుడ్డిపిల్ల దానికి వీపు తిప్పి, ఖాళీ మూలకేసి మొహం పెట్టి, ఒళ్లంతా పరిచి పడుకుంటుంది.

ఆ మూలలో ఆమె మీటరు పెట్టి చూడలేదు. ఆ వారమే దాన్ని సుత్తితో పగలగొట్టింది.